ఏ ఇంటి లెక్కలోనూ లేని ఐదుగురు

"ఈ చావులన్నీ నువ్వే పుట్టించావా అమ్మాయ్?"

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ చలపతిరావు ఆ మాట అడిగేటప్పటికి రేపల్లె స్టేషన్ గోడ గడియారంలో తొమ్మిదీ ఇరవై. టైము చూడటం నాకు జబ్బులాంటిది. ఎఫ్.ఐ.ఆర్.లో టైము మార్చి రాయమంటే రాయనన్నందుకే ఇదే చలపతిరావు ఎనిమిదేళ్ళ కింద నా చేత హెడ్ కానిస్టేబుల్ ఉద్యోగం వదిలించాడు. అప్పట్నుంచీ తెనాలిలో టిఫిన్ హోటల్ పైన గది అద్దెకు తీసుకుని 'యలమంద, ప్రైవేట్ డిటెక్టివ్' అని బోర్డు పెట్టుకున్నాను. వచ్చేవన్నీ పెళ్ళిసంబంధాల ఎంక్వయిరీలే. పిల్లాడు తాగుతాడా, పిల్లకి మూర్ఛలేమన్నా ఉన్నాయా. యాభై నాలుగేళ్ళ మోకాళ్ళకి అంతకంటే పెద్ద కేసులు వద్దనే నేనూ అనుకున్నాను.

బెంచీ మీద కూర్చున్న పిల్ల పేరు కుమారి. ఇరవై నాలుగేళ్ళు. దేశమంతా ఇంటింటికీ తిరిగి తల్లుల, పిల్లల ఆరోగ్యం మీద సర్వే చేస్తున్నారు కదా, అందులో ఫారాలు నింపే ఉద్యోగం. మూడు నెలలుగా ఎండనక వాననక ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగింది. రాత్రంతా స్టేషన్లోనే ఉంచారు. నన్ను తెనాలి నుంచి పిలిపించిన తండ్రి జ్ఞానానందం మాస్టారు నా పక్కనే నిలబడి ఉన్నాడు. మిషను స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, కూతుర్ని ఆ బెంచీ మీద చూసిన దగ్గర్నుంచీ జేబురుమాలు తీసి మడతపెట్టడం, మళ్ళీ విప్పడం తప్ప ఏమీ చేయలేకపోతున్నాడు.

"పుట్టించలేదండి. వాళ్ళు చెప్పిందే రాశాను," అంది కుమారి.

"ఏంటి రాసేది? ఇదిగో, ఇంటి ఫారం మూడో పేజీ. 'గడచిన రెండేళ్ళలో ఈ ఇంటి మనుషులెవరైనా చనిపోయారా?' జవాబు, లేదు. ఎవరి రాత?"

"నాదేనండి."

"ఇదే ఇల్లు, ఆడవాళ్ళ ఫారం. పక్కన పెన్సిలుతో 'పెద్దకూతురు పురిట్లో పోయింది' అని. ఇది ఎవరి రాత?"

"అదీ నాదేనండి."

"విన్నావా యలమందా? ఆ పేజీలో ఎవరూ చావలేదు, ఈ పేజీలో చచ్చారు. ఇట్టాంటివి ఐదు ఫారాలు. కాకిలెక్కలు రాయడానిక్కూడా కాస్త బుర్రుండాలి."

గోడవార కుర్చీలో సర్వే సూపర్‌వైజర్ సంజీవరావు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. కంప్లయింటు ఇచ్చింది అతనే. ఈ పిల్ల ఊళ్ళకు వెళ్ళకుండా ఇంట్లో కూర్చుని ఫారాలు నింపిందనీ, ప్రభుత్వ కాగితాలు ఫోర్జరీ చేసిందనీ.

"నేను స్వయంగా ఐదిళ్ళకీ వెళ్ళి కనుక్కున్నానండి," అన్నాడు అతను. "మా ఇంట్లో ఎవరూ చావలేదని ఐదిళ్ళవాళ్ళూ చెప్పారు. ఈ ఫారాలకి పొంతన లేదని పైనుంచి నాకు మెమో వచ్చింది. నా ఉద్యోగం పోతే ఎవరిస్తారు?"

చలపతిరావు మాట్లాడుతూనే బల్ల మీద స్టీలు డబ్బా మూత తీసి చలిమిడి ముద్ద నోట్లో వేసుకున్నాడు. ఆయనకి ఒక్కతే కూతురు కనకదుర్గ. పురిటికి తీసుకొచ్చారట. నన్ను తిట్టాల్సిన మనిషి కూడా ఆ సంతోషంలో డబ్బా నా వైపు జరిపాడు. తీసుకున్నాను. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు మరి, రోషానికి పోతే కడుపు మాడుద్ది.

"ఇక్కడి మేజిస్ట్రేటు సెలవు," అన్నాడు చలపతిరావు. "మూడింటికి జీపులో బాపట్ల తీసుకెళ్ళి అక్కడ కోర్టులో పెడతా. ఆ తర్వాత నీ ఇష్టం."

మూడింటికి ఆ జీపు కదిలితే రిమాండు. రిమాండుకెళ్ళిన పిల్లకి ఈ ఉద్యోగమూ ఉండదు, ఇంకో ఉద్యోగమూ రాదు. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు. మాస్టారు జేబురుమాలు మళ్ళీ విప్పాడు.

"పది నిమిషాలు అమ్మాయితో మాట్లాడనివ్వండి సార్," అన్నాను.

"ఐదు," అన్నాడు చలపతిరావు.

ఐదు నిమిషాల్లో నేను అడిగింది ఒక్కటే. "ఫారాల పక్కన టైములు కూడా రాశావేంటమ్మా? నాలుగూ పది, మూడూ ఇరవై. అవి కూడా అడగమన్నారా?"

"లేదు బాబాయిగారూ. నెలా సంవత్సరం చాలు. కానీ ఎవరికి గుర్తుంటాయి చెప్పండి? 'తుఫాను వచ్చిన ఏడు', 'నాట్లప్పుడు' అంటారు. అందుకని జాతకం కాగితమో, బైబిలో తెమ్మనేదాన్ని. జాతకంలో టైము ఉండి తీరుద్ది. మావాళ్ళు బైబిలు అట్ట లోపల రాసుకుంటారు. తేదీ చూసి ఫారంలో వేసి, టైము కూడా ఉంటే పక్కన రాసుకునేదాన్ని. తర్వాత నా నోటుబుక్కులోకి ఎక్కించుకునేదాన్ని."

"ఎందుకని?"

"ఊరికే," అంది. "ఐదుగురు పోయారు బాబాయిగారూ. అందరూ మొదటి కాన్పువాళ్ళే. అందరూ ఇక్కడి నర్సింగ్ హోంలోనే. ఈ లెక్క పైకి వెళ్తుందనుకున్నాను. వెళ్ళింది. ఇట్టా వెళ్ళింది."

మాస్టారు చేతిసంచీలోంచి పాత పేపర్లో చుట్టిన ఆ నోటుబుక్కు తీసి నాకిచ్చాడు. పదీ ఐదుకి చెరుకుపల్లి బస్సెక్కాను.

ఐదు ఫారాల్లో మొదటిది అచ్చమ్మ ఇల్లు. చెరుకుపల్లిలో దిగి కాలవగట్టు మీద కిలోమీటరున్నర నడవాలి. మోకాళ్ళు దారంతా నన్ను తిడుతూనే ఉన్నాయి. పదకొండూ పదికి చేరాను.

ముందు ద్వారబంధం చూశాను. ఎర్రసుద్దతో పదిహేడు నంబరు, కింద తేదీ, జూన్ నాలుగు. సర్వేవాళ్ళ గుర్తు. ఇంట్లో కూర్చుని ఫారం నింపిన మనిషి ఇంత దూరం వచ్చి గుమ్మం మీద నంబరు వెయ్యదు.

అచ్చమ్మ పంచలో ఎనిమిది నెలల పిల్లాణ్ణి కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోస్తోంది. నన్ను చూసి కొంగు సర్దుకుంది.

"అమ్మా, సర్వే చేసే కుమారి అని ఒకమ్మాయి మీ ఇంటికొచ్చిందా?"

"ఎందుకు రాలా అన్నయ్యా! ఈ అరుగు మీదే కూచుంది. గంటసేపు అడిగింది. మజ్జిగ తాగి వెళ్ళింది. బంగారంలాంటి పిల్ల."

"మరి ఆ తర్వాత ఒకాయన వచ్చి అడిగితే మీ ఇంట్లో ఎవరూ చనిపోలేదన్నారట?"

"స్కూటరాయనా? ఆయన దిగితేగా! బండి మీద కూచునే మా ఆయన్ని అడిగాడు, మీ ఇంట్లో ఎవరన్నా చచ్చారా అని. ఏం అడగటం అది! ఆయన మండిపడి, మా ఇంట్లో ఎవరూ చావలా పో అన్నాడు. మగోళ్ళు వచ్చి పురుళ్ళ సంగతి అడిగితే ఎవరు చెప్తారు?"

"కుమారిక్కూడా ముందు లేదనే చెప్పారు కదమ్మా."

అచ్చమ్మ చెంబు పక్కన పెట్టింది. "ఆ పిల్ల, మీ ఇంటి మనుషులు అని అడిగింది. సరోజ మా ఇంటి మనిషని ఎట్టా చెప్పను అన్నయ్యా? పెళ్ళిచేసి పంపించేశాంగా. అది పొన్నూరోళ్ళ కోడలు. తర్వాత, ఎంతమందిని కన్నావు, ఎంతమంది ఉన్నారు అని అడిగింది. అప్పుడు చెప్పా, ముగ్గుర్ని కంటే ఇద్దరే మిగిలారని."

"మరి పొన్నూరువాళ్ళని అడిగితే?"

"వాళ్ళు అసలే చెప్పరు. నలభయ్యో రోజు ప్రార్థనకి వచ్చినప్పుడు దాని అత్త నా మొహం మీదే అనిందిగా, ఇది మా ఇంట్లో చావు కాదు, పుట్టింటికి పోయి ప్రాణం పోగొట్టుకుందని."

అరుగు మీద కూలబడ్డాను. ఆ ఒక్క మాటతో సంజీవరావు కేసు అంతా కుదేలైపోయింది. మొదటి కాన్పు పుట్టింట్లో. పుట్టింటివాళ్ళ లెక్కలో ఆ పిల్ల అత్తింటిది. అత్తింటివాళ్ళ లెక్కలో ఆ చావు పుట్టింటిది. సర్వే రెండిళ్ళకీ వెళ్ళినా, ఇంటి మనుషుల పేజీలో రెండుచోట్లా 'లేదు' అనే పడుతుంది. ఎవరూ అబద్ధం చెప్పరు. పిల్ల మాత్రం ఏ కాగితం మీదా ఉండదు. కుమారి పెన్సిలుతో ఆ మార్జిన్లో రాయకపోతే సరోజ అనే మనిషి చచ్చిపోయినట్టు ఢిల్లీ దాకా ఎవరికీ తెలిసేది కాదు.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలీకుండా వచ్చే కోపం, అది వయసుతో పాటు ఎక్కువవుతోంది.

"బైబిలు చూపిస్తావామ్మా?"

నల్ల అట్ట లోపలి వైపు అచ్చమ్మ భర్త రాత. 'సరోజకు కుమారుడు. 12-11-91 మంగళవారం సాయంత్రం 4-10.' దాని కిందే అదే కలంతో, 'సరోజ ప్రభువు పిలుపునందుకొన్నది. అదే రోజు 7-45.' పై లైను గుండ్రంగా ఉంది. కింది లైను వంకర్లు పోయింది. కుమారి ఫారం పక్కన ఉన్నదీ ఈ నాలుగూ పదే. ఈ పుస్తకం తెరిచి చూడకుండా ఆ టైము ఎవరికీ తెలియదు.

"ఆ రోజు ఏం జరిగింది?"

"నొప్పులే రాలా అన్నయ్యా. నడుము లాగుతుందంటే చూపిద్దామని తీసుకెళ్ళాం. డాక్టరమ్మ ఇవాళే కానిచ్చేద్దాం అనింది. ఒంటిగంటకి సూది వేసింది. ఇక అది పడిన బాధ... ఆ దేవుడికే తెలుసు. రెండున్నరకి ఇంకో సూది. బిడ్డ బయటపడ్డాడు. రక్తం ఆగలా. గుడ్డలు గుడ్డలు తడిసిపోయినయ్. డాక్టరమ్మ గడియారం చూసుకుని, తగ్గిపోద్ది, నర్సు చూసుకుంటది అని బండికెళ్ళిపోయింది."

"ఏ బండికి?"

"తెనాలి బండికి. ఐదున్నరది. ఆవిడ కాపురం అక్కడేగా. మంగళవారం, శుక్రవారం వచ్చుద్ది రేపల్లె."

ఆ రైలు నాకు తెలుసు. పనిమీద రేపల్లె వచ్చినప్పుడల్లా నేను ఇంటికెళ్ళేది దాన్లోనే. అది తప్పితే మళ్ళీ రాత్రి దాకా దిక్కులేదు. డాక్టర్ శేషారత్నం గారి ఎదుటి సీట్లో కూర్చుని ఎన్నిసార్లు వేరుశెనక్కాయలు తిన్నానో. నెమ్మదైన మనిషి. కిటికీకి తల ఆనించి వేమూరు దాటేలోపు నిద్రపోయేది. చాలా అలిసిపోయి ఉంటుంది పాపం అనుకునేవాణ్ణి.

తిరుగు బస్సులో నోటుబుక్కు తెరిచాను. కుమారి ఒక పేజీకి ఒక ఇల్లు చొప్పున రాసుకుంది. తల్లి వయసు, ఎన్నో కాన్పు, ఎక్కడ, తేదీ, టైము. జేబు డైరీలో పాత సంవత్సరాల క్యాలెండరు ఉంది. పెన్సిలు తీసి మొదలుపెట్టాను. బస్సు కుదుపులకి అంకెలు ఎగురుతున్నాయి. ఇంటి దగ్గర పుట్టిన పిల్లలు తెల్లవారుజామునా, మధ్యాహ్నమూ, రాత్రీ, ఎప్పుడు పడితే అప్పుడు పుట్టారు. పెద్దాసుపత్రిలో పుట్టినవాళ్ళూ అంతే. కడుపులో బిడ్డకి గడియారంతో పనేముంది?

శేషారత్నం గారి నర్సింగ్ హోం పేరుతో మాత్రం ఇరవై మూడు కాన్పులున్నాయి. ఇరవై మూడూ మంగళవారమో శుక్రవారమో. మధ్యాహ్నం రెండుకి ముందు పుట్టినవాడు ఒక్కడు లేడు. ఐదు తర్వాత పుట్టినది ఒక్కతీ లేదు. అందులో ఐదుగురు తల్లులు ఆ రోజు రాత్రి తొమ్మిది దాటకుండా పోయారు.

పుస్తకం మూసేశాను. హంతకుడు దొరికితే ఏదో ఒక ఉత్సాహం ఉంటుంది. ఇక్కడ పగా లేదు, ఆస్తి తగాదా లేదు. ఒక ఆవిడ ఇంటికెళ్ళే బండి అందుకోవాలి, అంతే. దానికోసం ఐదుగురు ఆడపిల్లలు పోయారు.

దారిలో టైరు పంక్చరై అరగంట పోయింది. స్టేషన్ మెట్లెక్కేటప్పటికి రెండూ ఇరవై ఐదు. జీపు వాకిట్లో సిద్ధంగా ఉంది.

"వచ్చావా? ఏం పట్టుకొచ్చావ్?" అన్నాడు చలపతిరావు.

నేను సంజీవరావు వైపు తిరిగాను. "సార్, అచ్చమ్మ ఇంటికి మీరు వెళ్ళారు కదా. ద్వారబంధం మీద నంబరు ఎంత?"

"అది... గుర్తులేదు."

"అరుగు ఎన్ని అడుగులు?"

"ఇవన్నీ ఎందుకండీ?"

"స్కూటరు దిగారా సార్, అదొక్కటి చెప్పండి."

సంజీవరావు సి.ఐ. మొహం చూశాడు. సి.ఐ. ఆయన్ని ఆదుకోలేదు. "ఎండగా ఉందండి," అన్నాడు చివరికి.

రెండిళ్ళ సంగతి చెప్పాను. బైబిలు సంగతి, డాక్టరమ్మ వేసిన సూదుల సంగతి చెప్పాను. కుమారి తల ఎత్తి నన్నే చూస్తోంది. చలపతిరావు విన్నాడు, కానీ ఓడిపోవడం ఆయన ఒంట్లో లేదు.

"సరే, ఇల్లు తిరిగింది. ఒప్పుకున్నా. అయితే చావులు నిజమనా? పురుడన్నాక కష్టం రాదా? ఎవరో పోయారని ఒక డాక్టరమ్మ మీద బురద చల్లుతావా? ఊళ్ళో పెద్దింటి ఆడపిల్లలంతా ఆవిడ చేతి మీదే కన్నారు తెలుసా?"

"ఇరవై మూడు కాన్పులు సార్. టైములు చూడండి." నోటుబుక్కు ఆయన ముందు పెట్టాను. "ఐదు దాటాక ఒక్క బిడ్డ పుట్టలేదు. ఐదున్నరకి ఆవిడకి బండి. అందుకోసం నొప్పులు రానివాళ్ళకి కూడా సూదులు వేసి తెప్పిస్తోంది. తట్టుకున్నవాళ్ళు తట్టుకున్నారు. రక్తం ఆగనివాళ్ళని నర్సుకి వదిలేసి బండెక్కింది."

"నీ కాకిలెక్కలు నువ్వూ మొదలెట్టావా? టైముల పిచ్చి నీకు. ఆ పిచ్చితోనే ఉద్యోగం పోగొట్టుకున్నావ్, ఇంకా సిగ్గు రాలా."

"నాది పోయింది సార్, పోనీండి. ఈ అమ్మాయిది పోనివ్వను," అన్నాను. గొంతు నాకే తెలీకుండా లేచింది. కానిస్టేబుళ్ళు తొంగిచూశారు.

చలపతిరావు పుస్తకాన్ని నా వైపు తోశాడు. "రైటరూ, అమ్మాయిని జీపెక్కించు."

అప్పుడే ఫోను మోగింది. రెండూ నలభై రెండు.

"ఆఁ, నేనే," అన్నాడు చలపతిరావు. అవతల ఆయన భార్య. ఆవిడ గొంతు పెద్దది, గదిలో మాకందరికీ వినపడుతోంది.

"అమ్మాయిని చూపిద్దామని తీసుకొచ్చానండి. నొప్పులు ఇంకా రాలేదు గానీ, డాక్టరమ్మగారు ఇవాళే కానిచ్చేద్దాం అన్నారు. మళ్ళీ మంగళవారం దాకా ఎందుకని. నాలుగున్నరకల్లా అయిపోద్దంట. మీరు కాస్త..."

చలపతిరావు చూపు నెమ్మదిగా నోటుబుక్కు మీదికి వెళ్ళింది. అక్కడ నా పెన్సిలు గీతలున్నాయి. మూడూ ఇరవై. నాలుగూ ఐదు. నాలుగూ పది. నాలుగూ ఇరవై ఐదు. నాలుగూ నలభై. తర్వాత గోడ మీది క్యాలెండరు చూశాడు. జూలై పదిహేడు, శుక్రవారం.

"సూది వేశారా?" అన్నాడు. ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు.

"ఒకటి రెండింటికి వేశారు. పిల్ల ఒకటే మెలికలు తిరిగిపోతోందండి. ఇంకోటి మూడింటికంట."

కుమారి లేచి నిలబడింది. "ఆ రెండోది వేయనివ్వకండి సార్!"

"వెయ్యొద్దను!" చలపతిరావు ఫోన్లోకి అరిచాడు. "విన్నావా? రెండో సూది వెయ్యొద్దని... హలో? హలో?"

లైను కట్టయింది. మళ్ళీ తిప్పాడు. ఎంగేజి. మళ్ళీ తిప్పాడు. వేలు డయలు రంధ్రంలోంచి జారిపోతోంది. పన్నెండేళ్ళు ఆయన కింద పనిచేశాను, ఆయన్ని ఇట్టా చూడటం ఇదే. సంతోషం కలగాలి నాకు. కలగలేదు.

"నర్సింగ్ హోంలో రక్తం దొరకదు సార్," అంది కుమారి గబగబా. "ఐదుగురి దగ్గరా అదే లేకుండా పోయింది. తెనాలి పెద్దాసుపత్రికి ఫోను చేయించండి. కారు ఒకటి సిద్ధంగా పెట్టండి. డాక్టరమ్మగారిని మాత్రం బండెక్కనివ్వకండి."

చలపతిరావు టోపీ బల్ల మీదే వదిలేసి బయటికి పరిగెత్తాడు. మెట్ల మీద ఆగి వెనక్కి తిరిగాడు. "నువ్వూ రామ్మా," అన్నాడు కుమారితో. "ఏం అడగాలో నీకు తెలుసు."

"సార్, బాపట్ల... కాగితాలు..." అని రైటరు నసిగాడు.

"కాగితాలు తగలెయ్. జీపు తియ్! యలమంద గారూ, ఎక్కండి."

గారూ అన్నాడు. ఎనిమిదేళ్ళకి. మాస్టారికి తెనాలి ఆసుపత్రి నంబరు తిప్పమని చెప్పి, మోకాలు పట్టుకుని వెనక సీట్లోకి ఎలాగో ఎక్కాను. మూడింటికి కుమారిని కోర్టుకి తీసుకెళ్ళాల్సిన జీపే అది. రెండూ యాభైకి గేటు దాటి బాపట్ల రోడ్డు వదిలి బజారు వైపు తిరిగింది. డ్రైవరు హారను మీదనుంచి చెయ్యి తియ్యలేదు.

ముందు సీట్లో చలపతిరావు చేతి గడియారాన్నే చూస్తున్నాడు. కుమారి ముందుకి వంగి, మూడు నెలలుగా వందల గుమ్మాల దగ్గర అడిగినట్టే, తొందర లేకుండా అడిగింది.

"సార్, మీ అమ్మాయికి వయసెంత?"

"ఇరవై ఒకటి."

"ఇది మొదటి కాన్పేనా?"

ఆయన గడియారం మీదనుంచి చూపు తీసి ఆమె వైపు తిరిగాడు.

"అవునమ్మా," అన్నాడు. "మొదటిదే. మా ఇంటికే తెచ్చుకున్నాం."